సగం గ్రౌండు

నల్లగుట్టపల్లె హాకీ జట్టులో తొమ్మిది మంది మిగిలారు. హాకీకి పదకొండు మంది కావాలి. ఓబులేసుకు నాలుగు రోజులుగా తిండి సయించకపోవడానికి కారణం ఇంతే, ఇంకేమీ లేదు.

ఓబులేసు ఆ జట్టుకు కెప్టెను. పగలు మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు, సాయంత్రం కర్ర పట్టుకుంటాడు. చిన్నప్పుడే దాదాపీర్ మాస్టరు చేతికి చిక్కాడు, ఇక ఆటను వదల్లేదు. మాస్టరు రైల్వే జట్టులో ఆడి, ఉద్యోగం అయిపోయాక ఊరికి తిరిగొచ్చినవాడు. గుట్ట కింద ఉన్న చిన్న దర్గాను చూసుకుంటూ ఊళ్ళో కుర్రాళ్ళకు హాకీ నేర్పాడు. కర్రలు కొనే స్తోమత లేని రోజుల్లో వంకర తుమ్మకొమ్మలు నరికించి వాటితోనే ఆడించాడు. ఆ కొమ్మలతో నేర్చుకున్నవాళ్ళు జిల్లా లీగులో పెద్దపెద్ద జట్లను ముప్పుతిప్పలు పెట్టారు. ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు, అది వేరే సంగతి.

జట్టు ఒక్కసారిగా తగ్గలేదు. ఒక్కొక్కరే జారిపోయారు. ఇద్దరు బెంగళూరులో సెక్యూరిటీ పనికి పోయారు. ఒకడు పెళ్ళి చేసుకుని అత్తగారి ఊళ్ళో స్థిరపడ్డాడు. ఊళ్ళో హైస్కూలు మూతపడ్డాక కొత్తగా చేరే పిల్లలు లేకుండా పోయారు. ఉన్నవాళ్ళలో మేటి ఫార్వర్డు తిప్పేస్వామిని టౌనులోని ఛాంపియన్ అకాడమీ ఎత్తుకుపోయింది. ఎత్తుకుపోయింది అంటే అకాడమీ వాళ్ళకు కోపం వస్తుంది. అవకాశం ఇచ్చామంటారు. సరే, అవకాశమే అనుకుందాం.

నిరుడు పదకొండు మంది కుదరక నల్లగుట్టపల్లె లీగు వదులుకుంది. ఈ యేడు తక్కువ మందితోనైనా దిగకపోతే ఊరి పేరు లీగులోంచి తీసేస్తారు, మళ్ళీ చేర్చుకోరు. మొదటి మ్యాచ్ ఆదివారం. ఆడాల్సింది అకాడమీతోనే, అదీ వాళ్ళ టర్ఫ్ మీదే.

అకాడమీ సెక్రటరీ వసంతకుమార్ మంచివాడు. వచ్చిన చిక్కంతా అదే. చెడ్డవాడైతే, ఆయన ఊరికి వచ్చిన రోజే ఓబులేసు నాలుగు మాటలు అనేసి ఊరి బయటిదాకా సాగనంపి వచ్చేవాడు. ఆయన జీపు దిగి, ఓబులేసు ఇంట్లో మగ్గం పక్కన చాప మీద కూర్చుని, ఇచ్చిన టీ తాగి, నెమ్మదిగా చెప్పాడు.

"మీ జట్టును మాలో కలిపెయ్యి ఓబులేసూ. మీలో నలుగుర్ని తీసుకుంటాం. నీకు సెంటర్ హాఫ్ ఖాయం. నీ ఆట ఈ మట్టిలో పోతోందని నాకే బాధగా ఉంటుంది."

"మిగతా అయిదుగురు?"

"వచ్చి చూడొచ్చు కదా. ఎవరు కాదన్నారు? ఆదివారం లోపల చెప్పు. అప్పుడు ఆ మ్యాచ్ కూడా ఆడక్కర్లేదు. తొమ్మిది మందితో వచ్చి నలుగురిలో నవ్వులపాలు కావడం ఎందుకు?"

ఆ మాటల్లో ఓబులేసుకు తప్పేమీ కనబడలేదు. అంతకన్నా ఘోరం, ఆశ పుట్టింది. నీలం టర్ఫ్, మంచి బూట్లు, కొత్త కర్ర, పేపర్లో జట్టు ఫోటో. మగ్గం మీద కూర్చుంటే పోగులు తెగుతున్నాయి. ఆశ పడ్డందుకు సిగ్గేసింది, సిగ్గుపడుతూనే ఇంకా ఆశ పడ్డాడు. చివరికి ఉండబట్టలేక గుట్ట కిందికి నడిచాడు.

మోకాళ్ళు పట్టేసి మాస్టరు రెండేళ్ళుగా గ్రౌండు వైపు రావడం లేదు. దర్గా ముందు అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళ కోసం కుండలో నీళ్ళు పోస్తున్నాడు.

"సార్, మనం తొమ్మిది మందే ఉండాం," అన్నాడు ఓబులేసు.

"ఊ."

"అకాడమీ వాళ్ళు కలుపుకుంటామంటాండారు. పెద్ద జట్టులో కలిసిపోయేది మేలా, ఇట్లనే ఉండి సచ్చేది మేలా? మీరే చెప్పల్ల సార్."

మాస్టరు కుండ మీద మూత పెట్టాడు. "ఎంతమందిని తీసుకుంటారంట?"

"నలుగుర్ని."

"ఆ నలుగురిలో నువ్వుండావా?"

ఓబులేసు తల వంచుకున్నాడు. "ఉండాను సార్."

"ఉంటావులే. మంచి ఆటగాడివి," అన్నాడు మాస్టరు. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు, అందుకే ఓబులేసుకు ఇంకా ఇబ్బందిగా అనిపించింది. "సాయంత్రం ఆటకు వస్తా. సుంకన్నను బండి తీసుకురమ్మను."

కలిసిపొమ్మంటే ఏమనాలో, వద్దంటే ఏమనాలో, రెంటికీ జవాబులు సిద్ధం చేసుకుని వచ్చాడు ఓబులేసు. మాస్టరు దేనికీ ఆస్కారం ఇవ్వలేదు. ఉసూరుమంటూ ఇంటికి తిరిగొచ్చాడు.

సాయంత్రం సుంకన్న తన మోపెడ్ మీద మాస్టరును తీసుకొచ్చి గ్రౌండు పక్కన దించాడు. సుంకన్న జట్టులో లెఫ్ట్ వింగు ఆడతాడు. మనిషి బక్కగా ఉంటాడు గానీ పరిగెత్తడం మొదలుపెడితే ఆపడం కష్టం.

మాస్టరు ఆట చూడసాగాడు. కుర్రాళ్ళు ఒక పక్క నలుగురు, ఒక పక్క అయిదుగురు చేరి ఆడుతున్నారు. చిన్నచిన్న పాసులు, టకటకమని చక్కగా ఆడుతున్నారు. మాస్టరు వచ్చాడని కాస్త ఎక్కువ చక్కగానే ఆడారు.

"ఆ గోలు ఈడికి ఎప్పుడొచ్చింది?" అని అడిగాడు మాస్టరు.

తూర్పు వైపు ఉండాల్సిన గోల్‌పోస్టు గ్రౌండు నడిమధ్యలో ఉంది. అది ఓబులేసు చేసిన ఏర్పాటే. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు కూడా.

"పోయిన వానాకాలం జరిపినాం సార్. తక్కువ మందిమి కదా. బంతి దూరం పోతే తెచ్చేవాళ్ళు లేరు, ఊరికే అలిసిపోతాండాం. సగం గ్రౌండు అయితే మాకు సరిగ్గా సరిపోతాది."

"ఆ పక్క ఏముంది?"

"ఏం లేదు సార్."

ఏం లేకపోవడమేమిటి, బోలెడంత ఉంది. వదిలేసిన జాగా ఏ ఊళ్ళోనూ ఊరికే ఉండదు. ఈరమ్మ పట్ట పరిచి శెనక్కాయలు ఆరబోసుకుంది. ఎవరిదో బర్రె కట్టేసి ఉంది. సర్పంచు అల్లుడు కేశవులు ఇటుకలు దింపించి వరసగా పేర్చాడు. అక్కడ ఎరువుల షెడ్డు కడతాడని ఊళ్ళో అనుకుంటున్నారు. ఆ వరస మొన్నటికంటే ఇవాళ కాస్త ఇవతలికి జరిగినట్టుంది కూడా.

"సున్నం ఉందా?" అని అడిగాడు మాస్టరు.

ఉంది. అడుగున బొక్కలు పెట్టిన రేకుడబ్బా కూడా ఉంది. గీతలు గీయడానికి వాళ్ళు వాడేది అదే. మాస్టరు డబ్బాలో సున్నం నింపుకుని, కుంటుకుంటూ, నడిమధ్య ఉన్న గోలును దాటి తూర్పు మూలకు బయల్దేరాడు. కుర్రాళ్ళు ఆట ఆపేశారు. ఓబులేసు వెనకే పరిగెత్తాడు.

"సార్, నేను గీస్తా, ఇటియ్యండి."

"గమ్మునుండు."

మాస్టరు తూర్పు మూలలో కాలితో మట్టి తోసి తోసి వెతికాడు. హద్దురాయి పైకి తేలింది. దాని దగ్గర డబ్బా పట్టుకుని, కొడుతూ, వెనక్కి వెనక్కి నడవసాగాడు. తెల్లటి గీత పడుతోంది. నేరుగా ఈరమ్మ శెనక్కాయల దగ్గరికి వచ్చింది.

"ఏంది సార్ ఇది, నా కాయల మీద సున్నం పోస్తావా?" అని ఈరమ్మ చాట కింద పెట్టి లేచింది. ఆమెతో గొడవ పెట్టుకోవాలంటే సర్పంచుకు కూడా గుండె చాలదు.

"గీత ఇట్లనే పోవల్ల తల్లీ."

"ఆడేది తొమ్మిది మంది. దానికి ఇంత జాగా యాలప్పా? వాళ్ళ మటుకు వాళ్ళు ఆ పక్క సుఖంగా ఆడుకుంటాండారు కదా!"

"ఇది పదకొండు మందికి కొలిచిన జాగా."

"ఆ పదకొండు మంది యాడ? చూపించు, నేను ఇప్పుడే ఎత్తుకుంటా."

మాస్టరు డబ్బా కింద పెట్టాడు. నొప్పి పుట్టే మోకాళ్ళను మెల్లగా వంచి కింద కూర్చుని, గీత పోవాల్సిన చోట ఉన్న కాయలను రెండు చేతులా పక్కకు తీయడం మొదలుపెట్టాడు. ఈరమ్మ కాసేపు తిట్టింది. తిట్టేవాళ్ళకు అవతలివాళ్ళు జవాబు చెప్పకపోతే ఎక్కువసేపు తిట్టడం కుదరదు. చివరికి, "లేయ్ సార్, ఆ మోకాళ్ళతో నీకేం పని, నేను తీస్తా," అని విసుక్కుంటూ పట్ట లాక్కుంది.

గీత ముందుకు పోయి ఇటుకల దగ్గరికి చేరింది. ఇటుకలు ఈరమ్మలా విసుక్కుంటూ జరిగేవి కావు, వాటికి నోరు లేదు. మాస్టరు ఆగనూ లేదు, పక్కకు తిరగనూ లేదు. చేయి పైకెత్తి డబ్బా కొట్టాడు. గీత ఎర్రటి ఇటుకల మీదికి ఎక్కి, అవతలి పక్క దిగి, మట్టిలో సాగిపోయింది.

అది చూసి సుంకన్న పకపకా నవ్వాడు. ఓబులేసుకు నవ్వు రాలేదు. ఊరంతా చూస్తోంది. బర్రె కూడా చూస్తోంది.

"సార్," అన్నాడు ఓబులేసు, గొంతు తగ్గించి. "ఇదంతా ఎందుకు సార్? తొమ్మిది మందిమి ఇంత గ్రౌండులో ఎట్ల ఆడేది? పరిగెత్తి పరిగెత్తి సత్తాం."

మాస్టరు డబ్బాను తలకిందులు చేసి దులిపాడు. సున్నం అయిపోయింది.

"తగ్గింది మనం," అన్నాడు. "గ్రౌండు తగ్గలేదు."

డబ్బా అక్కడే వదిలి మోపెడ్ వైపు నడిచాడు. ఓబులేసు ఆ గీత పక్కన నిలబడిపోయాడు. కోపం వచ్చింది. మాస్టరు మీదనో, తన మీదనో, ఆ ఇటుకల మీదనో తెలియలేదు. కాసేపటికి ఇటుకల మీదనే అని తేల్చుకున్నాడు. వంగి ఒకటి ఎత్తి గీత బయట పెట్టాడు. ఇంకొకటి పెట్టాడు. ఎవరూ పిలవకుండానే మిగతావాళ్ళు వచ్చి చేతులు కలిపారు. ఆ రోజు ప్రాక్టీసు అదే.

మర్నాడు కేశవులు రంకెలు వేసుకుంటూ వచ్చాడు. "ఎవడ్రా నా ఇటుకలు ముట్టుకునింది?"

"నేనే," అన్నాడు ఓబులేసు. "అన్నీ గీత అవతల పెట్టినాం అన్నా. ఒక్కటి పగిలినా అడుగు."

"తొమ్మిది మందికి ఊరు రాసియ్యల్లనా?"

"ఊరు వద్దులేనా. గ్రౌండు చాలు."

తనకు అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఓబులేసుకే తెలియదు. కేశవులు గొణుక్కుంటూ పోయాడు. గోల్‌పోస్టు మళ్ళీ తూర్పు చివరకు చేరింది.

ఆ తర్వాత ఆడటం మొదలుపెట్టారు. అబ్బో, ఆ ఆట చూడాలి. ఇన్నాళ్ళూ మురిపించిన ఆ చిన్నచిన్న పాసులు ఒక్కటీ పనికి రాలేదు. బంతిని పక్కవాడికి తోద్దామంటే పక్కవాడు ఎక్కడో ఉన్నాడు. గట్టిగా కొట్టాలి, కొట్టేముందు తలెత్తి చూడాలి. చూడటానికి అలవాటు తప్పింది. మస్తానయ్య అనే బ్యాకు ఒక మూల కూలబడి మధ్యాహ్నం తిన్నదంతా కక్కుకున్నాడు. మాస్టరు అతన్ని పలకరించలేదు, ఓదార్చలేదు. రోజూ మోపెడ్ మీద వచ్చి, నీళ్ళ కుండను తూర్పు గోలు వెనక పెట్టుకుని దాని పక్కనే కూర్చున్నాడు. దాహం వేసినవాడు అక్కడిదాకా పరిగెత్తి రావాల్సిందే.

"ఈ మనిషికి జాలి అనేది లేదురా," అన్నాడు మస్తానయ్య.

"లేదు," అన్నాడు ఓబులేసు, రొప్పుతూ. అలా అన్నాడే గానీ, నిరుటినుంచి లేని ఉషారు ఒంట్లోకి వచ్చినట్టు అనిపించింది. వసంతకుమార్‌కు ఏం చెప్పాలో మాత్రం ఇంకా తెలియలేదు. నలుగురిలో తానొకడు అన్న మాట లోపల ఎక్కడో తీయగానే ఉంది.

ఆదివారం పొద్దున దర్గాలో చక్కెర పెట్టి దువా చదివించారు. ఎవరి దేవుడు వాళ్ళకున్నా, మ్యాచ్ రోజు అందరూ ఆ చక్కెర నోట్లో వేసుకునే బయల్దేరడం ఆ జట్టు ఆనవాయితీ. అద్దె ఆటోలో ఒకరి మీద ఒకరు కూర్చుని టౌను చేరారు. మాస్టరు డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

అకాడమీ గ్రౌండు చూసి అందరూ గేటు దగ్గరే ఆగిపోయారు. నీలం టర్ఫ్ మీద నీళ్ళు చల్లారు, తళతళా మెరుస్తోంది. అకాడమీ వాళ్ళు ఒకే రంగు బట్టలు, ఒకే రకం బూట్లు వేసుకుని వరసగా ఒళ్ళు వంచుతున్నారు. నల్లగుట్టపల్లె వాళ్ళ కాళ్ళకు కాన్వాస్ బూట్లు. గోల్‌కీపరు లింగమయ్య ప్యాడ్లకు సైకిలు ట్యూబు కట్లు.

గట్టు పక్క బెంచీ మీద తిప్పేస్వామి కూర్చుని ఉన్నాడు. ఓబులేసు దగ్గరికి వెళ్ళాడు.

"నువ్వు దిగడం లేదా?"

"లేదునా," అన్నాడు తిప్పేస్వామి, బూటు లేసు చూసుకుంటూ. "వచ్చినప్పటినుంచీ ఇంతే. వచ్చేసారి చూద్దామంటారు."

తిప్పేస్వామి ఆట ఎలాంటిదో ఓబులేసుకు తెలుసు. అలాంటివాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టుకోవడానికి ఎత్తుకొచ్చారా అని ఒళ్ళు మండింది. అతని భుజం మీద చేయి వేసి వచ్చేశాడు.

వసంతకుమార్ నవ్వుతూ ఎదురొచ్చాడు. నిజంగానే మంచి మనసుతో వచ్చాడు.

"ఓబులేసూ, నేను అంపైర్లతో మాట్లాడాను. మేం కూడా తొమ్మిది మందినే దించుతాం. మీకు ఇబ్బంది ఉండదు. ఆట టైము కూడా కాస్త తగ్గిద్దాం. ఆట అయ్యాక కూర్చుని ఆ కలిసే విషయం మాట్లాడుకుందాం."

ఎంత మర్యాదగా ఉంది మాట. ఒప్పుకుంటే ఎవరూ తప్పు పట్టరు. మాస్టరు దూరంగా గట్టు మీద కూర్చుని కాగితం గ్లాసులో టీ ఊదుకుంటున్నాడు. ఓబులేసు అటు చూశాడు. మాస్టరు ఇటు చూడలేదు. టీ వేడిగా ఉన్నట్టుంది.

"వద్దు సార్," అన్నాడు ఓబులేసు.

"ఏం వద్దు?"

"పదకొండు మందినీ దించండి. టైము కూడా తగ్గించొద్దు."

వసంతకుమార్ నవ్వు సగంలో ఆగింది. "నీ మంచికే చెబుతున్నానయ్యా. మీరు తొమ్మిది మంది."

"మేం తొమ్మిది మందిమి సార్. ఆట పదకొండు మందిది. మాకోసం ఆటను కత్తిరించొద్దు." కర్ర చేతిలోకి తీసుకున్నాడు. "ఆ ఇంకో విషయం మాట్లాడేది కూడా ఏం లేదు సార్."

వెనక సుంకన్న, "అట్ల చెప్పునా," అని గొణిగాడు. నలుగురిలో తానొకడన్న ఆ తీయటి మాట లోపలినుంచి ఎప్పుడు పోయిందో ఓబులేసు గమనించనే లేదు.

విజిలు పడింది.

గెలిచారని చెప్పాలని నాకూ ఉంది. ఎవరికుండదు? కానీ జరిగింది జరిగినట్టే చెప్పాలి. మొదటి గోలు పడటానికి ఎక్కువసేపు పట్టలేదు. కాన్వాస్ బూట్లు జారాయి. మస్తానయ్య రెండుసార్లు వెల్లకిలా పడితే చూడవచ్చిన జనం ఈలలు వేశారు. లింగమయ్య ప్యాడు కట్టు ఊడిపోయింది. సగం ఆట అయ్యేసరికి నాలుగు గోల్స్ తిన్నారు.

అందరూ గట్టు కింద చతికిలబడ్డారు. మాస్టరు వాళ్ళ మొహాలు చూశాడు.

"ఏమన్నా చెప్పండి సార్," అన్నాడు లింగమయ్య. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"ఇంకా సగం ఉంది," అన్నాడు మాస్టరు. "నీళ్ళు తాగండి."

రెండో సగంలో వాళ్ళకు ఒకటి అర్థమైంది. తమ ఊళ్ళో రాళ్ళ మీద బంతి ఎటు ఎగురుతుందో చెప్పలేం. ఈ టర్ఫ్ మీద చెప్పినట్టు వింటుంది. గురి చూసి కొడితే ఎంత దూరమైనా నేరుగా పోతుంది. ఇంకా రెండు గోల్స్ తిన్నారు, నిజమే. కానీ మధ్యమధ్యలో బంతి పొడుగ్గా అకాడమీ వాళ్ళ తల తిరిగేలా అవతలికి పోతోంది. ప్రతిసారీ అక్కడికి ఒకడు పరిగెత్తుతున్నాడు. ఈలలు తగ్గాయి. జనంలో ఎవరో, "ఈ పల్లెటూరోళ్ళకు ఆయాసం రాదా?" అన్నారు. రాకేం, ప్రాణం పోయేంత వస్తోంది. ఎవరూ ఆగలేదు, అంతే.

ఆట ముగియడానికి కొద్దిసేపు ఉందనగా ఓబులేసు తన గోలు దగ్గరే బంతి లాక్కున్నాడు. తలెత్తి చూశాడు. అటు చివర, ఎడమ పక్క, గీతను ఆనుకుని సుంకన్న ఒక్కడే పరిగెత్తుతున్నాడు. అంత దూరం ఎవడూ రాడులే అని అకాడమీ బ్యాకులు అతన్ని వదిలేశారు. ఓబులేసు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. బంతి గ్రౌండు పొడవునా దూసుకుపోయింది. సుంకన్న దాన్ని అందుకుని, గోలు ముందరి డీ అర్ధవృత్తంలోకి దూరి, ముందుకొచ్చిన గోల్‌కీపర్ని తప్పించి లోపలికి తోశాడు.

ఆరు, ఒకటి.

సుంకన్న చేతులెత్తలేదు, గంతులెయ్యలేదు. బంతిని తానే తీసుకుని మధ్యకు పరిగెత్తుకొచ్చి పెట్టాడు. "ఊ, కానీండి," అన్నాడు.

అకాడమీ వాళ్ళు మళ్ళీ ఆట మొదలుపెట్టారు. రెండు పాసులు కూడా ఇవ్వకముందే మస్తానయ్య అడ్డం పడి బంతి లాగాడు, ఓబులేసుకు ఇచ్చాడు. అప్పటిదాకా కుర్చీలో వెనక్కి వాలి ఉన్న అకాడమీ కోచ్ లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ఊపాడు.

"వెనక్కి! అందరూ వెనక్కి రండి! ఒక్కడు కూడా ముందుండొద్దు!"

ఆ అరుపు గ్రౌండు అంతటా వినబడింది. వసంతకుమార్ కూడా గీత దగ్గరికి వచ్చేసి అదే మాట అరిచాడు. ఫార్వర్డులు వెనక్కి తిరిగి పరిగెత్తారు. హాఫులు పరిగెత్తారు.

ఓబులేసు బంతి మీద కర్ర ఆనించి ఒక్క క్షణం ఆగాడు. ఎదురుగా నీలం టర్ఫ్ ఖాళీగా ఉంది. దాని అవతల, అయిదు గోల్స్ ముందున్న జట్టు, పదకొండు మందీ, గోలు ముందు గుంపుగా చేరి, కర్రలు నేలకు ఆనించి, తొమ్మిది మంది కోసం కాచుకుని ఉన్నారు.

గట్టు మీద దాదాపీర్ మాస్టరు మోకాళ్ళ మీద చేతులు ఊని మెల్లగా లేచి నిలబడ్డాడు.

"రండ్రా," అని ఓబులేసు ముందుకు కదిలాడు.